ప్లేట్‌లెట్స్ మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు ఇది చదవండి

ఈ వారం మా గుంటూరు చుట్టాల గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్, మా పిన్ని కూడా పెట్టింది. అరవై దాటినోళ్ళకి ప్లేట్‌లెట్స్ (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు) లక్షన్నర కంటే తగ్గితే ప్రాణం మీదకొచ్చినట్టే, యాభైవేలకి పడితే వెంటనే ఎక్కించాలి, బొప్పాయాకు రసం తాగిస్తే మూడ్రోజుల్లో లక్షలు పెరుగుతాయి, ఇంక టెస్టులు అక్కర్లేదు అని. కొత్తపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నా, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

లక్షన్నర సంగతి. నార్మల్ 1.5 నుంచి 4.5 లక్షలు, నిజమే. కానీ 1,20,000 ఉంటే రక్తం కారిపోదు. దానంతటదే పెద్ద బ్లీడింగ్ అయ్యే భయం ఎక్కువగా పది, ఇరవైవేల కిందకి పోయినప్పుడే.

అసలు ముందు ఆ అంకె నిజమా కాదా చూడాలి, ఈ మాట మెసేజ్‌లో ఎక్కడా లేదు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే కెమికల్ వల్ల కొంతమంది రక్తంలో ప్లేట్‌లెట్స్ గుంపులుగా అతుక్కుపోతాయి, మెషిన్ వాటిని సరిగ్గా లెక్కపెట్టలేదు, కౌంట్ తక్కువొస్తుంది. పోయిన నెల ఒక పెద్దాయన 38,000 అని రిపోర్టు పట్టుకుని వణుకుతూ వచ్చారు, స్మియర్ (గాజు పలక మీద రక్తం చుక్క పరిచి మైక్రోస్కోపులో చూడటం) చూస్తే అన్నీ ముద్దలే, వేరే కెమికల్ ఉండే నీలం మూత ట్యూబులో మళ్ళీ తీస్తే 1,70,000! ఆయన రెండ్రోజులు అన్నం తినలేదంట, పాపం.

యాభైవేలకి ఎక్కించాలా? ఆపరేషన్ ఉంటేనో బ్లీడింగ్ అవుతుంటేనో వేరే లెక్క, అవేమీ లేకపోతే డాక్టర్లు మామూలుగా పదివేల దాకా ఆగుతారు. ఐటీపీ అని, ఒళ్ళే తన ప్లేట్‌లెట్స్‌ని చంపేసుకునే జబ్బు ఒకటుంది, అదైతే ఎక్కించినవాటిని కూడా చంపేస్తుంది, దానికి స్టెరాయిడ్స్ లాంటివి ఇస్తారు, పెద్దవాళ్ళకి వాటితో షుగర్ పెరుగుతుంది కాబట్టి అది కూడా చూసుకుంటూ ఇవ్వాలి.

బొప్పాయాకు మీద కొన్ని చిన్న స్టడీలున్నాయి, అవి ఎక్కువగా డెంగ్యూ వాళ్ళ మీద, డెంగ్యూలో జ్వరం తగ్గాక కౌంట్ ఎలాగూ దానంతటదే పెరుగుతుంది. పెద్దవాళ్ళలో కౌంట్ తగ్గడానికి ఎన్నో కారణాలు, వాళ్ళు వేసుకునే మందులు, లివర్ చెడి స్ప్లీన్ (ప్లీహం) పెరగడం, బి12 లోపం, ఎముక మజ్జ జబ్బు, ఇలా. వీటిల్లో దేన్ని నయం చేస్తుంది ఆ రసం? పాత రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ తీసుకుని డాక్టర్ దగ్గరికెళ్ళండి, ఎప్పట్నుంచి తగ్గుతోందో తెలిస్తే సగం పని అయినట్టే.

గుండెకి స్టెంట్ ఉన్నోళ్ళు రక్తం పలచబడటానికి వాడే ఆస్పిరిన్ సొంతంగా ఆపొద్దు, డాక్టర్ ఆపమంటేనే ఆపండి. నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి అడగకుండా వేసుకోవద్దు. కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరోచనం కనిపిస్తే ఆగకండి. కౌంట్ బాగా తక్కువున్నవాళ్ళు బాత్‌రూమ్‌లో జారి తలకి దెబ్బ తగిలించుకుంటే, బయటికి ఏమీ కనిపించకపోయినా సరే, అర్ధరాత్రైనా క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి.