బెర్కీలియంగారి అట్లాంటిక్ ప్రదక్షిణలు

117వ మూలకం టెనెసీన్ కథ ఎవరెత్తుకున్నా ‘అంతర్జాతీయ సహకారానికి నిలువెత్తు నిదర్శనం’ అన్న ముక్క పడాల్సిందే. కాదనం. కానీ అందులో అసలు కథానాయకుడు, రష్యా కస్టమ్స్ శాఖవారి ఊసే ఎత్తకపోవడం కృతఘ్నత కాదూ!

టెనెసీన్ తయారీ కోసం అమెరికా నుంచి రష్యా చేరాల్సిన సరుకేమిటంటారా? టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ రియాక్టర్‌లో 250 రోజులు న్యూట్రాన్ల తాకిడికి ఉంచి, మరో 90 రోజులు శుద్ధిచేస్తే దక్కిన 22 మిల్లీగ్రాముల బెర్కీలియం-249. చిటికెడు ఉప్పు ఇంతకంటే బరువు. అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, 330 రోజులు. అంటే మనం చూస్తుండగానే రోజుకు దాదాపు 46 మైక్రోగ్రాములు కాలిఫోర్నియం అయి కూర్చుంటుంది.

2009 జూన్‌లో అయిదు సీసపు పెట్టెల్లో దీన్ని న్యూయార్క్‌లో విమానం ఎక్కించారు. మాస్కోలో దిగింది. కాగితాలు సరిగ్గా లేవు, వెనక్కి పొమ్మన్నారు. పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ కాగితాలే, మళ్లీ వెనక్కే. మూడోసారి వస్తే గానీ గడప దాటనివ్వలేదు. లెక్కేస్తే అట్లాంటిక్ మీదుగా అయిదు ప్రయాణాలు! అమెరికా అల్లుడు కూడా సంక్రాంతికి ఒక్కసారే వచ్చిపోతాడు. పైగా అల్లుడు దారిలో అరిగిపోడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారికి కావలసింది రబ్బరు స్టాంపు. ఒక్కరోజు ఆగితే పోయేది లక్ష లక్షల కోట్ల పరమాణువులయ్యా! ఏడాది పొడుగునా గ్లవ్స్ తొడుక్కుని, సీసం గోడల వెనక నిలబడి ఒక్కో మైక్రోగ్రాము కూడబెట్టిన వాళ్ల కష్టం అది. ఏ ఫారంలో ఏ గడి నింపితే ఆ నష్టం పూడుతుంది?

మిగిలినదాన్ని రష్యాలోని దిమిత్రోవ్‌గ్రాడ్‌లో టైటానియం రేకు మీద 300 నానోమీటర్ల పూతగా పూశారు. మాస్కో దగ్గరి డుబ్నా పరిశోధన కేంద్రంలో భౌతిక శాస్త్రవేత్త యూరీ ఒగనెస్యాన్ బృందం జులై నెలాఖరున దాన్ని కాల్షియం-48 కేంద్రకాలతో కొట్టడం మొదలెట్టింది. బెర్కీలియం ప్రోటాన్లు 97కు కాల్షియంవి 20 కలిపితే 117, కాగితం మీద ఒకటో తరగతి కూడిక. యంత్రం మీద 150 రోజులు. చివరికి చిక్కినవి ఆరంటే ఆరు పరమాణువులు. సెకనులో వందో వంతుల్లోనే ఆల్ఫా కణాలు కక్కుకుంటూ అవీ పోయాయి. ఆ కణాల వరుసే వాటి ఆనవాలు. రంగు, రుచి, ద్రవీభవన స్థానం ఎవరూ చూడలేదు. చార్టుల్లో కనిపించే అంకెలన్నీ లెక్కగట్టినవే.

ఆ ఆరింటినీ మాస్కో విమానాశ్రయం గుండా తీసుకెళ్లాల్సిన పని పడలేదు, అదృష్టం.