పాట పెట్టే పని నాకిచ్చారు

బాల్‌రూమ్ డ్యాన్స్, అంటే జంటలు చేతులు పట్టుకుని చేసేది, టీవీలో చూసినంతసేపూ చాలా తేలిక. 2004లో బ్రిటన్‌లో బీబీసీ వాళ్లు ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్’ మొదలుపెట్టారు, మరుసటి ఏడాది అమెరికాలో ‘డ్యాన్సింగ్ విత్ ద స్టార్స్’ వచ్చింది, ఇక క్రికెటర్లూ రాజకీయ నాయకులూ కూడా తళుకుల బట్టలేసుకుని గిర్రున తిరుగుతుంటే సోఫాలో కూర్చున్న నాలాంటివాడికీ కాళ్లు దురద పెట్టాయి. “వాళ్లకి వచ్చింది, మనకి రాదా?” అంది మా ఆవిడ. ఆవిడ ‘మనకి’ అన్నప్పుడల్లా నాకు టెన్షనే.

ఇద్దరం డ్యాన్స్ క్లాసులో చేరాం. నెల తిరిగేసరికి నాకొచ్చింది స్లో వాల్ట్జ్ అనే నెమ్మది డ్యాన్స్‌లో బాక్స్ స్టెప్పు ఒక్కటే. ఎడమకాలు ముందుకి, కుడికాలు పక్కకి, రెండూ దగ్గరికి. మూడు లెక్క, అంటే మన తకిట తకిట. ఆ ‘కి’ దగ్గర ప్రతిసారీ ఆవిడ బొటనవేలు నా బూటు కింద దొరికేది.

కాళ్ల సంగతి ఎలా ఉన్నా పాటల గురించి నాకు తెలుసని ఓ నమ్మకం. ఒక ఆదివారం ప్రాక్టీసులో టీచర్ గారు “ఎవరైనా ఓ వాల్ట్జ్ పెట్టండి” అనగానే, నేనుండగా ఇంకొకరా అని నా ఫోన్‌ని స్పీకర్‌కి కలిపి, ఆస్ట్రియా స్వరకర్త స్ట్రాస్ గారి బ్లూ డాన్యూబ్ పెట్టి, ఫోన్ జేబులో పడేసుకున్నాను. 1867 నుంచి లోకమంతా వింటున్న వాల్ట్జ్, దానితో ఏం ప్రమాదం?

ఎంత మోసకారి పాటో చూడండి. ముందు వయొలిన్లు సన్నగా వణుకుతాయి, దూరం నుంచి హార్న్ ఎవరినో పిలుస్తున్నట్టు మోగుతుంది, అంతే, నిమిషం దాటినా అసలు వాల్ట్జ్ రాదు. పన్నెండు జంటలం చేతులెత్తి, గడ్డాలెత్తి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడిపోయాం.

“భుజాలు పీకేస్తున్నాయండీ. ఇది పాటేనా?”

“ఆగు, వస్తుంది.”

వచ్చింది. మొదటి నాలుగడుగులు బుద్ధిగానే వేయనిచ్చింది, ఆ తర్వాత పట్టాలు తప్పిన రైలే. మేం నేర్చుకున్న స్లో వాల్ట్జ్ నిమిషానికి 84 నుంచి 90 బీట్లు, ఇదేమో వియన్నీస్ వాల్ట్జ్, పోటీల్లో 180 దాకా పోయే రకం. పైగా హాల్లో అందరూ గడియారం ముల్లుకి ఎదురుదిశలోనే తిరగాలని రూలు. మూడో మలుపులో తల తిరిగి నేను ముల్లు పక్షాన చేరిపోయాను. ఎదురొచ్చిన ప్రతి జంటకీ తకిట లెక్క తప్పకుండా ‘సారీ అండి’ చెప్పుకుంటూ పోతున్నాను. మధ్యలో ఆర్కెస్ట్రా ఉన్నట్టుండి సాగదీసేది, అందరం ఒంటికాలి మీద ఆగిపోయేవాళ్లం, కాలు దించేలోపు మళ్లీ పరుగు.

“ఆపండి బాబూ!” అని టీచర్ గారు అరుస్తున్నారు. ఆపాల్సింది నా జేబులో ఉంది, నా చేతులు రెండూ మా ఆవిడ దగ్గరున్నాయి, ఆవిడ వదిలితే నేను పడతాను. చివరికి ఆవిడే తిరుగుతూ తిరుగుతూ నా జేబులో చెయ్యి పెట్టి నొక్కింది. టీచర్ గారు చాలా ఓపిగ్గా చెప్పారు, కచేరీ పాట వేరు, డ్యాన్స్ పాట వేరు అని. 1922లో మొట్టమొదటి ప్రపంచ బాల్‌రూమ్ చాంపియన్ అయిన విక్టర్ సిల్వెస్టర్ 1935లో సొంత ఆర్కెస్ట్రా పెట్టిందే ఇందుకట, మొదటి నుంచి చివరిదాకా టెంపో కదలని రికార్డులు డ్యాన్సర్ల కోసం చేయడానికి. ఆయన రికార్డు ఒకటి పెట్టి చూపించారు కూడా. గోడ గడియారంలా ఎంత నమ్మకంగా నడిచిందో! అందులోనూ నేను బొటనవేలు తొక్కాను, అది వేరే విషయం.

పై ఆదివారం ఇంకో డ్యాన్స్. టీచర్ గారు “ఎవరైనా ఓ ఫాక్స్‌ట్రాట్ పెట్టండి” అన్నారు. అలవాటుగా నా చెయ్యి జేబులోకి పోయింది. ఫోన్ లేదు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు మీద చెయ్యేసుకుని, పైకప్పు వైపు చూస్తోంది.