అరగడమే పనైన వస్తువుకి లైఫ్‌టైమ్ వారంటీయా?

పోయిన చలికాలంలో నా పాత కారు వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ విప్పించి, ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టుకుని, కొన్న షాపుకే తీసుకెళ్లాను. నేనుండేది అమెరికాలో. కొన్నప్పటి అట్టపెట్టె మీద ‘లిమిటెడ్ లైఫ్‌టైమ్ వారంటీ’ అని పెద్ద పెద్ద అక్షరాలు. కౌంటర్ దగ్గరి కుర్రాడు రాడ్‌ని కిందికి నొక్కాడు. అది చప్పుడు లేకుండా లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. బాగున్నదైతే గ్యాస్ ఒత్తిడికి తనంతట తానే పైకి రావాలి. ‘‘ఇది తయారీ లోపం కాదండీ, మామూలు అరుగుదల. అరుగుదల వారంటీలోకి రాదు’’ అన్నాడు. మర్యాదగానే అన్నాడు. షరతుల కాగితం కూడా తీసి చూపించాడు. అందులో అలాగే ఉంది.

మరి అరగకుండా షాక్ అబ్జార్బర్ పాడయ్యేదెలా అని అడిగాను. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. అతన్ని అనడానికేమీ లేదు. ఆ ప్రశ్నకి కాగితం రాసినవాళ్ల దగ్గరా జవాబు లేదు.

ఆ వస్తువు చేసే పనేమిటో చూడండి. బండి బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడి లేచాక స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపేది షాక్ అబ్జార్బర్. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి రంధ్రాలు, వాటి మీద పలుచని రేకు వాల్వులు. నూనె ఆ సందుల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి కాబట్టి ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. రోడ్డు కొట్టే ప్రతి దెబ్బనీ అది తన ఒంటి మీద వేసుకుంటుందన్నమాట. సీలు అరుగుతుంది, వాల్వులు సడలుతాయి, నూనె సత్తువ పోతుంది, గ్యాస్ కొద్దికొద్దిగా జారుకుంటుంది. బల్బులాగా ఒక్కరోజులో టప్‌మని పోదు. నెలకింత, ఏడాదికింత చొప్పున తగ్గుతూ పోతుంది, నడిపేవాడు ఆ తగ్గుదలకి తెలియకుండానే అలవాటు పడతాడు. టైరు మీద గుంటలు గుంటలుగా అరుగుదల చూపించి మెకానిక్ చెబితేగాని చాలామందికి తెలియదు.

తయారీ లోపం సంగతి వేరు. వెల్డింగ్ వదిలేయడం, సీలు సరిగా కూర్చోకపోవడం లాంటివి చాలావరకు మొదటి కొన్ని నెలల్లోనే బయటపడతాయి. వాటికి ఏడాది, రెండేళ్ల వారంటీ ధారాళంగా సరిపోతుంది. ఆ తర్వాత మిగిలిన ‘జీవితకాలం’ అంతా ఆ వస్తువుకి జరిగేది ఒక్కటే, అరగడం. సరిగ్గా ఆ ఒక్కదాన్నే షరతుల్లోంచి తీసేశారు. పెళ్లి భోజనానికి పిలిచి, అన్నం తప్ప ఏదైనా అడగండి అన్నట్టుంది.

అరగక తప్పదని తయారీదార్లే చెబుతున్నారు. అమెరికాలో పేరున్న మన్రో కంపెనీ ఏళ్ల తరబడి చేస్తున్న ప్రచారం ప్రకారం, షాక్ అబ్జార్బర్ మైలుకి సగటున 1,750 సార్లు పనిచేస్తుంది. 50,000 మైళ్లకి, అంటే దాదాపు 80,000 కిలోమీటర్లకి, మార్పించుకోమని సలహా. గుణించి చూస్తే 8 కోట్ల 75 లక్షల సార్లు. అన్నిసార్లు ఆడిన వస్తువుని మార్చాల్సిందేననడం నిజాయితీ గల మాటే. నేను కాదనను. మరి అదే కంపెనీ వారంటీలో లైఫ్‌టైమ్ అన్న మాట ఏం చేస్తోంది? ఒక్క మన్రోయే కాదు, ఈ వ్యాపారంలో ఇంకా చాలా పెద్ద పేర్లది ఇదే దారి. 50,000 మైళ్లకి మార్చమని ఒక చేత్తో కరపత్రం ఇస్తూ, ఇంకో చేత్తో జీవితకాలపు హామీ ఇస్తున్నారు.

ఆ ‘లిమిటెడ్’ అన్న మాట కూడా కంపెనీల వినయం వల్ల వచ్చింది కాదు. 1975లో అమెరికా కాంగ్రెస్ మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం తెచ్చింది. రాతపూర్వకంగా వారంటీ ఇస్తే అది ‘ఫుల్’ వారంటీయో ‘లిమిటెడ్’ వారంటీయో పైనే చెప్పాలంది. ఫుల్ అనాలంటే బాగుచేయడం ఉచితం కావాలి, గడువులోపు వస్తువు చేతులు మారినా వారంటీ వర్తించాలి. అవి ఇవ్వలేనివాళ్లంతా లిమిటెడ్ అని పెట్టుకున్నారు. ఇక లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ అన్న ప్రశ్న. ఇదేదో తెలుగు మాస్టారి చమత్కారం కాదు. వ్యాపార మోసాల మీద కన్నేసి ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది, లైఫ్‌టైమ్ అని ప్రకటిస్తే ఏ జీవితకాలమో స్పష్టంగా చెప్పాలని. దానికి వాళ్లు ఇచ్చిన ఉదాహరణల్లో కారు సైలెన్సర్ కూడా ఉంది! ఈ రంగంలో జరిగేదేమిటో ప్రభుత్వానికి బాగానే తెలుసన్నమాట. షాక్ అబ్జార్బర్ల విషయంలో మామూలుగా జవాబు ఇలా ఉంటుంది: మొదట కొన్నవాడి చేతిలో, మొదట బిగించిన కారు ఉన్నంత కాలం. రసీదు చూపించాలి. వస్తువు మాత్రమే ఇస్తారు, విప్పి బిగించే లేబర్ మీదే. ముందు చక్రాలవైతే ఆ తర్వాత అలైన్‌మెంట్ ఖర్చూ మీదే. రసీదు థర్మల్ కాగితం మీద ఇస్తారు. కారు డ్యాష్‌బోర్డు అరలో రెండు ఎండాకాలాలు గడిచేసరికి దాని మీద అక్షరం మిగలదు.

అవతలివాళ్ల వాదన లేకపోలేదు. అరుగుదలని కూడా కలిపితే ధర పెరుగుతుంది, జాగ్రత్తగా నడిపేవాడు అడ్డదిడ్డంగా నడిపేవాడి ఖర్చు భరించాలి, మూడేళ్లకోసారి అందరూ వచ్చి ఊరికే కొత్తవి పట్టుకుపోతారు అంటారు. ఇందులో కొంత నిజముంది. ఎల్.ఎల్.బీన్ అనే బట్టలు, బూట్ల కంపెనీ దశాబ్దాల పాటు ఎప్పుడు తెచ్చినా వాపసు తీసుకుని, జనం పాత సామాన్ల అమ్మకాల్లో కొన్నవి కూడా తెచ్చి మార్చుకుంటున్నారని 2018లో ఆ పద్ధతి మానేసి ఏడాది గడువు పెట్టింది. సరే. ఇవ్వలేమనుకున్నప్పుడు ఆ కంపెనీ మాట మార్చుకుంది. షాక్ అబ్జార్బర్ల వాళ్లని నేను అడిగేదీ అదే, మాట మార్చుకోమని.

అసలు అరుగుదలకి వారంటీ ఇవ్వడం కుదరదన్న మాటే అబద్ధం. టైరుని చూడండి. దానికంటే అరిగే వస్తువు కారులో ఇంకేముంది? అయినా అమెరికాలో టైర్ల కంపెనీలు ఇన్ని వేల మైళ్లని అంకె వేసి మరీ అరుగుదలకి హామీ ఇస్తున్నాయి. మిషలాన్ డిఫెండర్ రకం టైర్లకి 80,000 మైళ్ల హామీ ఇచ్చారు. 60,000కే అరిగిపోతే, వాడుకున్న మేరకు తీసేసి మిగతా విలువని కొత్త టైరు ధరలో తగ్గిస్తారు. మన దగ్గర కారు బ్యాటరీ కొన్నవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. మొదటి ఇన్ని నెలలు పాడైతే ఉచితంగా కొత్తది, ఆ తర్వాత ఇన్ని నెలలు ‘ప్రోరేటా’, అంటే వాడుకున్న మేరకు తీసేసి మిగతా తగ్గింపు. సీసం పలకలు కూడా వాడేకొద్దీ అరిగేవే. అక్కడ ఎవరూ జీవితకాలం అనరు, నెలలు లెక్కేసి కార్డు మీద రాస్తారు. తారీఖు, ముద్ర, సంతకం. గొడవలు అక్కడా ఉంటాయి, కానీ గొడవ అంకె మీద జరుగుతుంది, మాట మీద కాదు. ఇన్ని వేల కిలోమీటర్ల లోపు ఊపుని ఇంత మేరకు ఆపలేకపోతే ప్రోరేటా ఇస్తామని షాక్ అబ్జార్బర్ల కంపెనీలూ రాయవచ్చు. ఊపు ఎంత ఆపుతోందో కొలిచే యంత్రాలు వాళ్ల ఫ్యాక్టరీల్లోనే ఉన్నాయి. రాయరు. అంకె వేస్తే జవాబు చెప్పాలి కదా.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా మండించే సంగతి ఇంకోటుంది. అరుగుదల అన్న ఒకే మాటకి ఈ వ్యాపారంలో రెండు అర్థాలున్నాయి. కొత్తవి అమ్మేటప్పుడు అరుగుదల ప్రాణాపాయం. బ్రేకు దూరం పెరుగుతుంది, వానలో బండి పట్టు తప్పుతుంది, పిల్లలు వెనక సీట్లో కూర్చుంటారు కదా సార్, ఆలోచించుకోండి! అవే షాక్‌లు వారంటీకి తెస్తే అదే అరుగుదల సహజం, మామూలు, కంగారు పడాల్సింది లేదు. కొద్దిగా నూనె తడి కనిపిస్తే? అమ్మే షెడ్డులో అది ‘లీకు’. వారంటీ కౌంటర్‌లో అది ‘చెమ్మ, పర్లేదు’. రెండు చోట్లా తీర్పు చెప్పేది అవతలి మనిషే. కొన్నవాడి దగ్గర కొలబద్ద లేదు. బంపర్ మీద చేత్తో నొక్కి ఎన్నిసార్లు ఊగిందో చూడటం తప్ప.

ఇది నా అనుమానం మాత్రమే అనుకోకండి. 1992లో కాలిఫోర్నియా ప్రభుత్వం సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ నడిపే ఆటో సెంటర్ల మీద, అంటే కార్ల రిపేరు షెడ్ల మీద, కేసు పెట్టింది. అధికారులు మామూలు కస్టమర్లలా బ్రేకుల పనికి కార్లు తీసుకెళ్తే, అవసరం లేని భాగాలు కూడా మార్పించమని ఒత్తిడి చేశారన్నది ఆరోపణ. సిబ్బందికి కోటాలు, కమిషన్లు పెట్టడమే దీనికి మూలమన్నారు. తర్వాత రాజీలో భాగంగా కస్టమర్లకి 50 డాలర్ల కూపన్లు ఇచ్చారు. ఏయే భాగాలు మార్పించుకున్నవాళ్లకి ఇవ్వాలో రాసిన చిట్టాలో షాక్ అబ్జార్బర్లున్నాయి, కాయిల్ స్ప్రింగులున్నాయి. ఎందుకు అవే? పాడయ్యాయో లేదో కస్టమర్‌కి కంటితో తెలియనివి కాబట్టి. అమ్మేటప్పుడు లేని అరుగుదలని చూపించడం ఎంత సులువో, హామీ అడిగినప్పుడు ఉన్న లోపాన్ని అరుగుదల ఖాతాలో వేయడమూ అంతే సులువు.

ఈ ‘లైఫ్’ అన్న మాటతో మన తెలుగువాళ్లకి పాత పరిచయమే. 2005 చివర్లో, 2006లో 999 రూపాయలకి లైఫ్‌టైమ్ ఇన్‌కమింగ్ అని సిమ్ కార్డులు అమ్మారు. మా ఊళ్లో జనం పండగలా ఎగబడి కొన్నారు. లైఫ్ అంటే మన ప్రాణం కాదు, కంపెనీ లైసెన్సు ప్రాణమని తర్వాత తెలిసింది. మధ్యలో ఆరు నెలలకోసారి రీఛార్జ్ చేయకపోతే అదీ లేదు. 2018 చివర్లో నెలకి 35 రూపాయలు వేస్తేనే ఇన్‌కమింగ్ అన్నారు. బండి కొంటే లైఫ్ ట్యాక్స్ కడతాం. పదిహేనేళ్లకి రిజిస్ట్రేషన్ ముగిసి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్తే గ్రీన్ ట్యాక్స్ కట్టమంటారు. కార్ల కంపెనీలు గేర్‌బాక్స్ నూనెని లైఫ్‌టైమ్ అంటాయి, మార్చనక్కర్లేదట. ఆ గేర్‌బాక్సులు చేసే జర్మనీ కంపెనీ జెడ్.ఎఫ్. మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చుకోమంటుంది. కొనేవాడు విన్నప్పుడు ఆ మాట తన ఆయుష్షంత పొడుగ్గా వినిపిస్తుంది. అడగడానికి వెళ్లినప్పుడు కౌంటర్ వెడల్పంత అవుతుంది.

మన చట్టం ఈ విషయంలో నోరు లేనిదేమీ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సరైన పరీక్ష లేకుండా ఒక వస్తువు ఎంతకాలం పనిచేస్తుందో హామీ ఇస్తే అది అనుచిత వ్యాపార పద్ధతే. పరీక్ష చేశామని రుజువు చేసుకోవాల్సింది కూడా హామీ ఇచ్చినవాడే. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటన ఏ భాషలో చేస్తే షరతు ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలంది. తెలుగులో ‘జీవితకాల హామీ’ అని హోర్డింగ్ పెట్టి, కింద చీమ తలకాయంత ఇంగ్లిష్‌లో షరతులు రాయడం కుదరదన్నమాట. ఎంతమంది పాటిస్తున్నారో రోడ్డు మీద మీరే చూస్తున్నారు. ఇంకో చిక్కుంది. ఒప్పందమే అన్యాయంగా ఉందని వాదించాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. కొన్ని వేల రూపాయల షాక్ అబ్జార్బర్ కోసం కర్నూలు నుంచి విజయవాడకి, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కి వాయిదాలకి తిరిగేదెవరు? షరతులు రాసేవాళ్లకి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. అన్యాయపు ఒప్పందం మీద ఫిర్యాదుని జిల్లా స్థాయికి దించితే చాలు, సగం కాగితాలు తిరగరాస్తారు.

నా సంగతికొస్తే, బకెట్ వెనక్కి తెచ్చుకుని, వేరే జత నా డబ్బుతోనే కొని వేయించాను. దాని పెట్టె మీదా లైఫ్‌టైమ్ అనే ఉంది. రెండు నెలలకి కారు అమ్మేశాను. కొన్నది గుంటూరు నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కుర్రాడు. చుట్టూ తిరిగి చూసి, వంగి చక్రాల వెనక్కి ఫోన్ లైటు వేసి, ‘‘షాక్‌లు కొత్తవే వేయించారు కదన్నా, వీటికి వారంటీ ఉందా?’’ అన్నాడు. నువ్వు సంతకం పెట్టేవరకు ఉంది తమ్ముడూ అన్నాను. జోక్ అనుకుని నవ్వాడు. రసీదు కూడా ఇచ్చేశాను, జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకున్నాడు.