ముసుగు సంస్థది, మెడ ఎవరిది?

మెక్సికో మల్లయోధుడు లా పార్కా 2020 జనవరి 11న ఎర్మోసియో నగరంలో కన్నుమూశారు. అంతకుముందు 2019 అక్టోబర్ 20న మోంటెర్రేలోని అరేనా కొలిసియోలో, బరి తాళ్ల మధ్య నుంచి బయట నిలిచిన ప్రత్యర్థి రష్ మీదికి దూకబోయి, గురి తప్పి, తల ఇనుప కంచెకు కొట్టుకోవడంతో ఆయన మెడ ఎముకలు విరిగాయి. ఆ తర్వాత ఆయన మళ్లీ బరిలోకి రాలేదు. అసలు పేరు హెసూస్ అల్ఫోన్సో ఎస్కొబోసా. వయసు 54. మన పిల్లలకు టీవీల్లో, ఆట కార్డుల్లో రే మిస్టీరియో ముసుగు ఎంత పరిచయమో, మెక్సికో పిల్లలకు ఆయన పుర్రె ముసుగు, ఎముకల గూడు గీసిన నల్ల దుస్తులు అంత పరిచయం. ఆ మరణం తర్వాత సంతాపాలకు కొదవ లేదు. ఆ ముసుగు ఎవరిదో, దాని కింద విరిగిన మెడ ఎవరిదో అడిగేవారే కరవయ్యారు.

ముసుగు సంగతిలో సందేహం లేదు. అది సంస్థది. ఆంటోనియో పెన్యా 1992లో స్థాపించిన ట్రిపుల్ ఏ అనే కుస్తీ సంస్థలో ఆ వేషం మొదట కట్టింది అడాల్ఫో తాపియా. ఆయన అమెరికాలో డబ్ల్యూసీడబ్ల్యూ అనే కుస్తీ సంస్థకు వెళ్లాక, అప్పటిదాకా కారిస్ లా మోమియా పేరిట మమ్మీ వేషంలో కుస్తీ పట్టిన ఎస్కొబోసాకు అవే ఎముకల దుస్తులు తొడిగారు. మొదట లా పార్కా జూనియర్ అన్నారు, కొన్నేళ్లకు ఆ జూనియర్ కూడా తీసేశారు. తిరిగొచ్చిన తాపియా ఆ పేరు తనదంటే, హక్కులు మావేనని సంస్థ అడ్డం తిరిగింది. తొలి లా పార్కా చివరకు ఎల్.ఎ. పార్క్ అని పేరును విరగ్గొట్టుకుని పొట్టపోసుకోవలసి వచ్చింది. అంతటితో ఆగిందా? 2010 జూన్‌లో ట్రిపుల్ ఏ వారి పెద్ద పోటీ ట్రిపుల్‌మేనియా వేదికపై ఆ పేరునే పందెంగా పెట్టి ఇద్దరినీ తలపడనిచ్చారు. తాపియా గెలిచారు. ఆ తర్వాత ఫలితాన్ని రద్దు చేశారు. పేరు మాత్రం సంస్థ గడప దాటలేదు.

ఆ పేరుకు విలువ తెచ్చినవాడు మాత్రం ఎస్కొబోసానే. బరి చుట్టూ ఎముకలు ఊపుతూ ఆయన వేసే చిందులకు పిల్లలు ఎగిరేవారు, పెద్దలు ఈలలు వేసేవారు. 2006 ట్రిపుల్‌మేనియాలో ముసుగుకు ముసుగు పందెంగా ముయెర్తె సిబెర్నెతికాను ఓడించి, అతని ముఖాన్ని లోకానికి చూపించారు. ముసుగు పోతే పరువు పోయినట్లే లెక్కించే ఆ ఆటలో అంతకు మించిన గెలుపు లేదు. యాభై మూడేళ్ల వయసులోనూ తాళ్ల మధ్య నుంచి తలకిందులుగా దూకారంటే, అది సాహసమని చప్పట్లు కొట్టేవారికి, ఆ వయసు మనిషి ఇంకా ఎందుకు దూకవలసి వస్తోందన్న ఆలోచన రాకపోవడం విడ్డూరం.

కుస్తీ ప్రమాదాలతో కూడిన వృత్తి అని, తెలిసే దిగుతారని, వేషం మీద పెట్టుబడి పెట్టినవారికి హక్కు ఉండడం సహజమని వాదించేవారు ఉన్నారు. ఉండవచ్చు. కానీ పేరు విషయంలో అంత పట్టుదల చూపినవారు మెడ విషయంలో నీళ్లు నమలడాన్ని ఏ పెట్టుబడి సమర్థిస్తుంది? 1993 అక్టోబర్‌లో ఓరో అనే 21 ఏళ్ల కుర్రవాడు మెక్సికో నగరంలో బరిలో కుప్పకూలి ప్రాణాలు వదిలాడు. 2015 మార్చిలో తిహువానాలో, మల్లయోధుడు పెర్రో అగ్వాయో జూనియర్ తాళ్ల మీద వాలిపోయి కదలకున్నా పోటీ కొంతసేపు సాగింది. వైద్యుడు లోపల వేరే క్షతగాత్రులకు చికిత్స చేస్తుండగా, స్ట్రెచర్‌కు బదులు ప్లైవుడ్ పలక మీద ఆయన్ను మోసుకెళ్లారు; ఆయన బతకలేదు. 2019 మేలో లండన్‌లో మల్లయోధుడు సిల్వర్ కింగ్ బరిలో కుప్పకూలి చనిపోతే ప్రేక్షకులు అదీ ఆటలో భాగమే అనుకున్నారు. ప్రతిసారీ గంట మోగించి నివాళి, ప్రతిసారీ కన్నీళ్లు, మళ్లీ వారమే టికెట్ల అమ్మకం. తిలాపాపం తలా పిడికెడు అన్నట్లు నిర్వాహకుడు కుస్తీ పోటీలను పర్యవేక్షించే కమిషన్‌ను చూపిస్తాడు, కమిషన్ విధిని చూపిస్తుంది. ముసుగు మాత్రం సంస్థదే, మెడ మాత్రం మనిషిదే.

ప్రభుత్వాల తీరు మరీ చోద్యం. మెక్సికో నగర పాలకులు 2018లో లూచా లిబ్రేను, అంటే ఈ మెక్సికో కుస్తీని, సాంస్కృతిక వారసత్వ సంపదగా ప్రకటించారు. సెప్టెంబర్ 21ని మల్లయోధుల జాతీయ దినంగా జరుపుతున్నారు. వారసత్వమని మెడలో దండ వేసే చేతులు, ఆ మెడకే దెబ్బ తగిలితే ఎక్కడికి పోతాయి? బరి పక్కన వెన్నెముక గాయాలు తెలిసిన వైద్యుడు, సిద్ధంగా స్ట్రెచర్, కదలని మనిషిని చూడగానే పోటీ ఆపే అధికారం గల రిఫరీ, వయసు మీరిన యోధుడికి దూకకుండానే బతికే ఆదాయం: ఇవేవీ గొంతెమ్మ కోర్కెలు కావు. ఒక పేరు కోసం ఏళ్ల తరబడి పోరాడగలిగినవారికి ఇవి మోయలేని భారం అంటే నమ్మేవారు ఎవరు?

ఒకసారి మనిషి మారినా వేషం ఆగలేదు. ఎస్కొబోసా చనిపోయినా ఆగకపోతే, రేపు ప్రతి నిర్వాహకుడూ దాన్నే రివాజు చేసుకుంటాడు. కాబట్టి ఆ పుర్రెను మరో ముఖానికి తొడిగే ముందు, పాత్ర మీద హక్కు రాసుకున్న కాగితంలోనే ఆ కొత్తవాడి వెన్నెముకకు బాధ్యత ఎవరిదో కూడా రాయండి. అది రాయడానికి చేతులు రాకపోతే హక్కులు కూడా వదులుకోండి. ఎస్కొబోసా పేరిట పూలు చల్లడం అప్పటిదాకా ఆపండి.