పాలవెల్లిని పిల్లల చేత కట్టిద్దాం

వినాయక చవితి దగ్గరపడగానే మట్టి విగ్రహం ఎక్కడ దొరుకుతుంది, పత్రికి ఏం చేయాలి, ఉండ్రాళ్లకు బియ్యపు రవ్వ ఎవరి దగ్గర ఉంది అన్న మాటలు మన ఇళ్లలో ఎన్నో సాగుతాయి కాని, స్వామి పైన కాయలూ ఆకులూ వేలాడదీసి కట్టే చట్రం, ఆ పాలవెల్లిని గురించి ఎవరూ పెద్దగా తలచుకోరు. అది ఇప్పుడు ప్లాస్టిక్ మామిడాకులతో, ప్లాస్టిక్ మొక్కజొన్న పొత్తులతో అట్టపెట్టెలో సిద్ధంగా దొరుకుతోంది. ఒక ఏడాది నేను కూడా అలాంటిదే కొని తగిలించాను. పది నిమిషాల్లో పని ముగిసింది. పూజ జరిగినంతసేపూ మా పిల్లలిద్దరిలో ఒక్కరైనా తలెత్తి దానివైపు చూడలేదు. ఆ మరుసటి చవితి నుంచి మా ఇంట్లో పాలవెల్లి కట్టే పని పూర్తిగా వారిదే. ఇక్కడ న్యూజెర్సీలో ఉన్న మన కుటుంబాలన్నీ ఆ పనిని పిల్లలకే అప్పగించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కోనసీమలో మా అమ్మమ్మగారి ఇంట పండుగకు ముందురోజు అటక మీది నుంచి చెక్క పాలవెల్లిని దింపి, కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి దూలానికి కట్టేవారు. దానికి వెలగకాయలు, జామకాయలు, ఇంకా పండని సీతాఫలాలు, మొక్కజొన్న పొత్తులు, మామిడి మండలు వేలాడేవి. పాలవెల్లి అంటే పాలసముద్రమని తాతయ్య చెప్పేవారు. ఆ కాయలన్నీ తప్పనిసరిగా ఉండవలసినవేనని చిన్నతనంలో నమ్మేదాన్ని. పెద్దయ్యాక ఆలోచిస్తే, భాద్రపదంలో దొడ్లో ఏవి కాసేవో, సంతకు ఏవి వచ్చేవో అవే పాలవెల్లికి ఎక్కేవని అర్థమైంది. పత్రికి 21 పేర్ల జాబితా ఉంది. పాలవెల్లికి మాత్రం ఊరూరికీ, ఇంటింటికీ మారే అలవాటే ఉంది. అందుకే వెలగకాయ దొరకలేదని బెంగపడి ప్లాస్టిక్‌ది తగిలించడం కంటే, మనం ఉన్నచోట ఆ నెలలో పండిన కాయను కట్టడమే పెద్దలు చేసిన పనికి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

న్యూజెర్సీలో ఆ నెలలో కాయలకూ పూలకూ కొరతేమీ లేదు. రైతుల అంగళ్లలో పచ్చి పొత్తులు ఇంకా వస్తుంటాయి, తోటల్లో యాపిల్ కోతలు మొదలవుతాయి, చాలా పేటల్లో రోడ్డు పక్కన అలంకారానికి పెంచే క్రాబ్ యాపిల్ చెట్లు రేగుపళ్లంత కాయలతో ఎర్రబడతాయి, చామంతి కుండీలు దుకాణాల ముందు బారులు తీరుతాయి. అధిక జ్యేష్ఠం రావడం వల్ల 2026లో చవితి సెప్టెంబరు 14న, సోమవారం నాడు పడుతోంది. ముందురోజు ఆదివారం కావడంతో బడి హడావిడి లేకుండా పిల్లలతో కూర్చోవడానికి ఒక పూట చేతికి వస్తుంది.

టమాటా మొక్కలకు ఊతంగా పెట్టే సన్నని వెదురు కర్రలు చట్రానికి చక్కగా సరిపోతాయి. రెండడుగుల కర్రలు నాలుగింటితో చతురస్రం కట్టి, అడ్డంగా మూడు, నిలువుగా మూడు కర్రలు వేస్తే పదహారు గళ్లు వస్తాయి. కర్రలు కోయడం పెద్దల పని, ముడులు వేయడం పిల్లల పని. కర్రలు కలిసిన ప్రతిచోటా జనపనార పురికొసను ఒకసారి ఇటు ఏటవాలుగా, ఒకసారి అటు ఏటవాలుగా చుట్టి, చివరికి రెండు కర్రల నడుమ నుంచి తిప్పి బిగిస్తే చట్రం కదలదు. మా చిన్నది ఏడేళ్ల వయసులో ఈ కట్టు నేర్చుకుంది. పసుపు ముద్దను వేళ్లతోనే పూయనివ్వాలి. కింద పాత దుప్పటి పరిస్తే చాలు.

పొత్తులకు వేరే తాడు అక్కర్లేదు. పైరేకులను ఒలిచి వెనక్కి మడిచి, జడలా అల్లి, ఆ జడతోనే కర్రకు ముడి వేయవచ్చు. జడ అల్లడం రాని మా పెద్దవాడు ఆ పని చెల్లెలి దగ్గర నేర్చుకున్నాడు. మొదటి ఏడాది వాడు రెండు పొత్తులనూ ఒకే మూల కట్టేసరికి చట్రం అంతా ఆ వైపుకు ఒరిగిపోయింది. నేను సర్దబోతుంటే వాడే నన్ను ఆపి, కాసేపు చూసి, "అమ్మా, ఎదురుమూల ఇంకో రెండు కట్టనా?" అన్నాడు. కట్టాడు, నిలిచింది. అప్పటి నుంచి ఎటు ఒక యాపిల్ కట్టినా ఎదురుగా దానికి జత వెతకడం వారికి అలవాటైంది. మేకులు కొట్టనివ్వని అద్దె ఇళ్లలో ఉండేవారు రెండు ఎత్తైన కుర్చీల వీపుల మీద గట్టి కర్ర ఉంచి దానికి వేలాడదీయవచ్చు. బరువు రెండు మూడు కిలోలు దాటవచ్చు కనుక కర్టెన్ల కడ్డీని నమ్ముకోకండి.

ఆకులు ఏరడానికి పిల్లలను పంపేటప్పుడు మాత్రం వెంట ఉండాలి. ఇక్కడి పొదల్లో మూడేసి ఆకులతో పెరిగే పాయిజన్ ఐవీ తగిలితే ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. పత్రిలోని ఉమ్మెత్త, గన్నేరు విషపూరితమని, జిల్లేడు పాలు కంట పడకూడదని వారికి ముందే చెప్పాలి. ఇండియా నుంచి వచ్చేవారి చేత ఆకులూ కాయలూ తెప్పించుకోవాలనుకుంటే, మొక్కలకు సంబంధించినదేదైనా కస్టమ్స్ వద్ద చూపించాలన్న నియమం ఉందని గుర్తుంచుకోవాలి. నా మట్టుకు నేను ఆ ప్రయత్నం మానుకున్నాను.

ఇక్కడి తెలుగు సంఘాల నిర్వాహకులకు నాదొక విన్నపం. ఒకచోట పిల్లల అలంకరణ పోటీకి వెళ్లినప్పుడు, బహుమతి కోసం పెద్దలే వంగి కూర్చుని అతికిస్తుంటే పిల్లలు పక్కన నిలబడి ఫోన్లు చూసుకోవడం గమనించి ఎంతో బాధపడ్డాను. పోటీ పెట్టిన మరుక్షణం పెద్దల చేయి అందులోకి వచ్చేస్తుంది. దానికి బదులు చవితికి వారం ముందు ఒక మధ్యాహ్నం వెదురు కట్టలు, పురికొస ఉండలు, పసుపు గిన్నెలు బల్లల మీద పెట్టి, చట్రం కట్టడం తెలిసిన తాతయ్యలనూ అమ్మమ్మలనూ ఒక్కొక్క బల్ల దగ్గర కూర్చోబెడితే బాగుంటుంది. వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దలు ఆ నాలుగు నెలలూ ఏ పనీ లేక గదుల్లో కూర్చుని ఉంటారు; వారి చేతికి తెలిసిన విద్య వారితోనే తిరిగి వెళ్లిపోతోంది. అదే బల్లల దగ్గర మూడు వారాల తర్వాత తెలంగాణ కుటుంబాలు బతుకమ్మ పేర్చడం నేర్పవచ్చు. తంగేడు లేకపోయినా రోడ్ల వెంట పసుపుపచ్చగా పూసే గోల్డెన్‌రాడ్, కుండీల్లోని చామంతులు ఉంటాయి.

మా ఇంట్లో ఉద్వాసన చెప్పిన సాయంత్రం కాయలన్నీ విప్పుతాము. యాపిల్ పళ్లు ఎవరు కట్టినవి వారే తింటారు. ఎండిన పొత్తులను పెరటి కంచె మీద ఉడతలకు ఉంచుతాము. చట్రాన్ని తుడిచి, ఏ ఏడాది కట్టామో ఒక కర్ర మీద రాసి, గరాజ్‌లో గోడకు ఆనించి పెడతాము. ఇప్పటికి దాని మీద నాలుగు ఏళ్ల అంకెలున్నాయి, నాలుగూ పిల్లల చేతిరాతే.