యూత్ సెక్రటరీకి యాభై రెండేళ్ళు

విజయనగరంలో మా చర్చి సంఘంలో యవనస్థుల కూటానికి నేనే కార్యదర్శిని. నా వయసు 52. ఇందులో నవ్వడానికేమీ లేదు. బైబిల్లో కాలేబు 85 ఏళ్ళ వయసులో యెహోషువ ముందు నిలబడి, మోషే నన్ను వేగు చూడ్డానికి పంపిన నాటి బలమే నాకిప్పటికీ ఉంది, ఆ కొండసీమ నాకిచ్చెయ్యి అన్నాడు. నేను కొండ అడగడం లేదు. కుర్చీలు వేసే కుర్రాణ్ణి ఒకణ్ణి ఇప్పించమంటున్నాను.

మా కోశాధికారికి 49 ఏళ్ళు. ఆయనకి చాలా కాలంగా నా పదవి మీద కన్నుంది. మొన్న కమిటీలో సంఖ్యాకాండం తెరిచి, లేవీయుడు 25 ఏళ్ళకి గుడారపు సేవలో చేరి 50 ఏళ్ళకి మానుకోవాలన్న మాట గట్టిగా చదివి వినిపించాడు. తనకింకా ఏడాది గడువుందని లెక్కేసుకునే వచ్చినట్టున్నాడు. నేను లేవీయుణ్ణి కానని, రెవెన్యూలో సీనియర్ అసిస్టెంటునని, మాకు రిటైర్మెంటు 62 అని సమాధానం చెప్పాను. పాస్టరు అయ్యగారు ఇద్దర్నీ చూసి ప్రార్థనతో సభ ముగించారు.

అసలు గొడవకి కారణం యవనస్థులు లేకపోవడం. 119వ కీర్తన 176 వచనాలూ తడుముకోకుండా అప్పజెప్పి, నా చేతుల మీదుగా స్టీలు గిన్నె బహుమతి అందుకున్న గుంటడు ఇప్పుడు బెంగుళూరులో నైట్ షిఫ్టులో ఉన్నాడు. తబలా వాయించేవాడు చెన్నై వెళ్ళాడు. తబలా ఇక్కడే ఉంది, సుద్ద రాసిన గుడ్డ కప్పి ఉంచాం. ఇది మా ఒక్క సంఘం కథ కాదు. 2011 జనాభా లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్ళకి విజయనగరం జిల్లాలో 1019 మంది, శ్రీకాకుళం జిల్లాలో 1015 మంది ఆడవాళ్ళు తేలారు. మా చర్చిలో మగవాళ్ళ వైపు కూర్చుంటే ఆ లెక్క పుస్తకం చూడకుండానే అర్థమవుతుంది.

ఇప్పుడు మా కూటానికి ఇద్దరు ముగ్గురు వస్తారు. ఇద్దరు ముగ్గురు కూడిన చోట తానుంటానని ప్రభువే మాటిచ్చాడు కనక కోరం సమస్య మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఇలా ఉండగా హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, శనివారం మా చర్చిలో యూత్ నైట్ ఉంది, ఓసారి వచ్చి చూడు, నీక్కూడా ఐడియాలొస్తాయి" అన్నాడు. సంఘ సేవ కోసం సొంత డబ్బుతో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. (బిల్లు పెట్టాను. కోశాధికారి తొక్కిపెట్టాడు.)

కూకట్‌పల్లి దగ్గర ఏదో హాలు. గోడలకి నల్లరంగు వేశారు. గుమ్మం దగ్గర ఫోనుతో కోడ్ స్కాన్ చేస్తే చేతికి కాగితం పట్టీ కడుతున్నారు. నా వంతు రాగానే అక్కడున్న అమ్మాయి ఎంతో మర్యాదగా, "అంకుల్, పేరెంట్స్‌కి ఆ పక్క గదిలో టీవీ పెట్టామండి" అంది. నేను పేరెంటుని కాను, యూత్‌నే అన్నాను. విజయనగరం నుంచి అధికారికంగా వచ్చానని కూడా చెప్పాను. ఆ పిల్ల మొహం ఒక్కసారి మారిపోయింది. "అయ్యో, మాది పాలకొండ అంకుల్!" అని పట్టీ కట్టేసింది.

లోపల స్టేజీ మీద పొగ కమ్ముకుంది. మా ఊళ్ళో అంత పొగ కనిపిస్తే ముందు కరెంటు మెయిన్ తీసేస్తాం. పాటలు గంటన్నర, వాక్యం పాతిక నిమిషాలు. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు కదా, ఆ సంగతి దృష్టిలో పెట్టుకునే ఈ ఏర్పాటు చేసి ఉంటారు. నేను మెచ్చుకున్నాను.

నెమ్మదిగా అసలు విషయం బయటపడింది. కీబోర్డు వాయించేవాడిది ఆమదాలవలస. నీళ్ళ సీసాలు పంచేవాడిది చీపురుపల్లి. కుర్చీలు సర్దుతున్న నలుగురిలో ఇద్దరు బొబ్బిలి వైపు వాళ్ళు. ఎక్కడా దొరకని నా యవనస్థుల కూటం మొత్తం ఏసీ హాల్లో నిక్షేపంలా ఉంది. కార్యదర్శి ఒక్కడే విజయనగరంలో ఉండిపోయాడు.

తర్వాత ప్రార్థన మనవులు. మా దగ్గర మనవులంటే షుగరు, మోకాళ్ళు, భూమి తగాదా. ఇక్కడ వీసా, జీతంలో హైకు, పెళ్ళి. ఒక కుర్రాడు మూడు నెలల నుంచి బెంచి మీద ఉన్నానని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఎక్కడలేని ఆశ పుట్టింది. మా దగ్గర బెంచీలున్నాయి, కూర్చునేవాళ్ళే లేరు. కంపెనీలో ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చోబెడితే బెంచి అంటారని మేనల్లుడు చెవిలో చెప్పాకే నోరు మూసుకున్నాను.

ఆ కుర్రాడు ప్రార్థన మొదలుపెట్టినప్పుడు "ఫాదర్ లార్డ్, వుయ్ జస్ట్ థాంక్యూ" అనే మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు బాగానే నడిచింది. అద్దె సంగతి వచ్చేసరికి ఇంగ్లీషు సన్నబడింది, అమ్మకి ఇంకా చెప్పలేదన్న చోట పుస్తకాల తెలుగు కూడా తప్పుకుంది. "ప్రభువా, నన్నొగ్గీకు" అన్నాడు. నా చుట్టూ పది మంది ఒకేసారి "ఆమేన్" అన్నారు. వాళ్ళందరిదీ ఏ జిల్లానో ఇంక అడగక్కర్లేకపోయింది.

ఇక్కడ పాలనాపరమైన లోపం ఒకటి నా దృష్టికి వచ్చింది. ప్రతి శుక్రవారం మా ఉపవాస కూటంలో ఒకావిడ "మా గుంటడు ఏటి తింటన్నాడో, ఫోన్లో ఏటీ సెప్పడు" అని మొరపెట్టుకుంటుంది. శనివారం కూకట్‌పల్లిలో ఇలాంటి గుంటడే అమ్మకి ఎలా చెప్పాలని ఏడుస్తాడు. ఒక్క ఫోన్ చేసుకుంటే తేలిపోయే రెండు మనవులూ పరలోకం మీదుగా తిరుగుతున్నాయి. అక్కడ ఎంత పని పెండింగులో పడి ఉంటుందో రెవెన్యూ ఉద్యోగిగా నేను ఊహించగలను.

తిరిగొచ్చాక కమిటీకి నివేదిక ఇచ్చాను. పిల్లలకి చదువు రానప్పటినుంచి వచనాలు నేర్పింది మేము, క్రిస్మస్ నాటకంలో గొర్రెల వేషం వేయించి మేకప్ ఖర్చు భరించింది మేము. తీరా సంపాదించే వయసొచ్చాక దశమభాగం పట్నం సంఘాల సంచిలో పడుతోంది. కాబట్టి అందులో పదో వంతు మాకు పంపాలని ప్రతిపాదించాను. పదో వంతులో పదో వంతు ఇవ్వాలన్న ఏర్పాటు కూడా సంఖ్యాకాండంలోనే ఉంది. 18వ అధ్యాయం తీసి చూపించాను. తన పుస్తకమే కావడంతో కోశాధికారి కాదనలేక సంతకం పెట్టాడు. పదేళ్ళలో మేమిద్దరం ఏకీభవించడం ఇదే మొదటిసారి.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. హైదరాబాద్ సంఘాలకి మంచి ఇంగ్లీషులో ఉత్తరం రాయాలి. మాలో అలా రాయగలిగినవాడు ఒక్కడే, ఆ 119వ కీర్తన గుంటడు. ఫోన్ చేస్తే షిఫ్టులో ఉన్నాను, శనివారం యూత్ మీటింగ్ అయ్యాక చూస్తానన్నాడు.