జిలియన్ దొరకు కాంటా కాడి నుంచి

ఇంగ్లీషుల 'లెక్కలేనన్ని' అనేటి జిలియన్ దొరా, దండాలు.

మిర్యాలగూడల వడ్లు కొనే కాడ మీకు కుర్చీ వేస్తలేమని ఏమనుకోవద్దు. ఇక్కడ బస్తాకు 40 కిలోలు. తేమ 17 శాతం దాటితే వడ్లు మళ్ల ఎండబోయాలె. "జిలియన్ బస్తాలు తెచ్చిన" అంటే హమాలీ నవ్వుతడు, రసీదు రాసేటాయన పెన్నుకు మూత పెడతడు.

మీ వంశం పెద్దదే. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. వాళ్లకు వరుసగ 6, 9, 12 సున్నాల ఆస్తి ఉంది. మీకు వాళ్ల తోకొక్కటే ఉంది. సున్నాలెన్ని అంటే జవాబు లేదు. మీ తమ్ముళ్లు గజిలియన్, బజిలియన్ మరీ విచిత్రం, ముందర ఇంకో అక్షరం తగిలించుకొని పెద్దోళ్లమైనమంటరు. ముగ్గుర్ల ఎవరు పెద్దో తూచుదామంటే రాయి లేదు. గూగోల్ అనే అంకెకు పేరు పెట్టింది చిన్న పిలగాడే, అయినా 1 పక్కన 100 సున్నాలు లెక్కకున్నయి. జింబాబ్వే 2009ల వంద ట్రిలియన్ డాలర్ల నోటు అచ్చేసింది. అంటే కోటి కోట్లు. అప్పుడు గూడ మిమ్మల్ని పిలువలే.

మీ దూరపు చుట్టం అంప్టీన్, అంటే 'ఎన్నెన్నో' అనే ఇంగ్లీషు మాట, కొంత నయం. చుక్కలు, గీతలతోటి కబురంపే మోర్స్ తంతిల గీతను 'అంప్టీ' అనేటోళ్లు, దానికి థర్టీన్, ఫోర్టీన్‌ల తోక కట్టుకొని వచ్చిండు. కొలత లేకున్నా గుణముంది, ఎక్కువగ విసుగు మీదనే వస్తడు. "నీకెన్నిసార్లు చెప్పాలె" అనే కాడ సరిగ్గ కూసుంటడు. 'ఎ జిలియన్ టైమ్స్' అనాలె గని అంప్టీన్‌కు ముందర 'ఎ' అక్కర లేదు, పెడితే తప్పు.

మా దిక్కు ఇసొంటి మాటలు లేవా? ఉన్నయి, గని మావి కొలతల కెల్లి పుట్టినయి. పుట్టెడు దుఃఖమంటే, పుట్టికి 20 తూములు. సవాలక్ష పనులంటే, విప్పితే లక్షా పాతిక వేలు! మిమ్మల్ని తెలుగు చేసేటోళ్లు ముచ్చట్లల్ల సవాలక్ష అనుకోవచ్చు. వార్తలల్ల మాత్రం 'కోట్లు' అని రాయొద్దు, చదివేటోళ్లు నిజం లెక్కనుకుంటరు. అక్కడ 'లెక్కలేనన్ని' చాలు.

వాట్సాప్‌ల ఎంతసేపన్నా ఉండుండ్రి. రిజిస్ట్రేషన్ కాడికి రావొద్దు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. "బోలెడు జాగ" అన్న బ్రోకర్‌ను గూడ ముందుగాల టేపు తెమ్మంటం.

ఇట్లు,
కాంటా కాడి గుమాస్తాలు